పొడుగు దారం వైపు

ముక్కు మీద దురద పుట్టింది. చేతులు ఖాళీగా ఉన్నప్పుడు చచ్చినా పుట్టదు. చేతులకి తొడుగులు వేసుకుని, వాటిమీద శుభ్రమైన గుడ్డ కప్పుకుని, రెండు చేతులూ గుండెల దగ్గర కట్టుకుని, ఇక దేన్నీ తాకకూడదు అని కూర్చున్నప్పుడే పుడుతుంది. ఆపరేషను గది మూలలో, చక్రాల స్టూలు మీద, డాక్టరమ్మ అలా కూర్చుని ఉంది. ఎదురుగా బల్లమీద డ్రిల్లు మాస్టారు మత్తులో ఉన్నాడు. ఆయన ముఖమంతా ఆకుపచ్చ గుడ్డలు, గుడ్డల మధ్య చిన్న కిటికీలాంటి ఖాళీ, ఆ ఖాళీలో ఎడమ బుగ్గ, బుగ్గలో ఆమె కోసి తీసిన చోట తడి గాజుగుడ్డ. తీసిన ముక్క కింది అంతస్తులోని ల్యాబుకి వెళ్ళింది. అక్కడ దాన్ని గడ్డకట్టించి, పల్చటి పొరలు తీసి, రంగులద్ది, అంచుల్లో ఎక్కడైనా కాన్సరు మిగిలిందేమో మైక్రోస్కోపు కింద చూసి ల్యాబు పెద్దాయన ఫోను చేస్తాడు. ఆ ఫోను వచ్చేదాకా కుట్టడానికి లేదు, కొయ్యడానికి లేదు, ముక్కు గోక్కోవడానికి అసలే లేదు. సిస్టరమ్మ ఆమె అవస్థ కనిపెట్టి, గాజుగుడ్డ మడతతో మాస్కు పైనుంచి ముక్కు మీద రెండుసార్లు రుద్దింది. దురద అక్కణ్ణించి లేచి కనుబొమ్మ మీద కూర్చుంది.

ముఖం నుంచి విడివడ్డ ముక్కకి పైనా కిందా ఉండవు, ఏ వైపు తిప్పినా ఒకేలా ఉంటుంది. అందుకే దారాలు కట్టి పంపుతారు. పొట్టి దారం కంటి వైపు అంచుకి, పొడుగు దారం నోటి వైపు అంచుకి. కింద కూర్చున్న పెద్దాయనకి మాస్టారి ముఖం తెలియదు, పేరు తెలియదు, ఆ రెండు దారాలే తెలుసు. పొడుగు దారం ముడి వేస్తున్నప్పుడు ఆమె వేళ్ళు ఒక్క క్షణం ఆగాయి. ఆగిన సంగతి ఆ గదిలో ఇంకెవరికీ తెలియదు. పొడుగు దారం వైపే ఆమె చెయ్యి తప్పింది. కత్తి పెట్టేముందు ఊదారంగు కలంతో తనే గీత గీసుకుంది. ఆ గీత పుండు చుట్టూ తిరిగి, ముక్కు పక్కనుంచి నోటి కొసకి దిగే నవ్వు గీతని దాటి, నోటి కొసని కూడా కలుపుకుని పోయింది. అలాగే గియ్యాలి. పుండుకి బయట అంత మంచి కండ పోగొట్టుకుంటేనే మనిషి దక్కుతాడు. కత్తి మాత్రం నవ్వు గీత దాకా వచ్చి, అక్కడ తన ఇంటి గుమ్మం కనబడ్డ ఆవులాగా చల్లగా అందులోకి తిరిగిపోయింది. మచ్చని ముడతలో దాచడం ఆ చేతికి ఇన్నేళ్ళుగా వచ్చిన విద్య. ఆమె చూసేసరికి కోత అయిపోయింది. నోటి కొస చెక్కు చెదరకుండా ఉంది, కొయ్యని ఊదా గీత సగం తుడుపుల్లో చెరిగిపోయి, మిగతా సగం నోటి పక్కన మరకలా మిగిలింది. అప్పుడే ఇంకో ముక్క తీసేసి ఉండొచ్చు. తియ్యలేదు. కంటికి అంతా బాగానే ఉంది కదా, ల్యాబు చెబుతుందిలే అనుకుంది.

వాసన ఒకటి. మాస్కు వెనక్కి కూడా వస్తోంది. కరెంటు సూదితో రక్తనాళాలు మూసినప్పుడు లేచే కమురు వాసన, దాని అడుగున పుండు వాసన, తడిసి ఎండని గోనెసంచిలాగా. దీన్ని భరించొచ్చు. ఇది దాచుకోని వాసన. ఇదివరకు అందాలు దిద్దుతూ ఆమె పనిచేసిన బావగారి అద్దాల ఆసుపత్రిలో గోడకో పెట్టె ఉండేది, అది పావుగంటకోసారి బుస్సుమని పూలవాసన చిమ్మేది, ఆ పూలు ఏ చెట్టునా పూయనివి. ఆ పూలవాసన కింద ఇదే కమురు. అక్క మొగుడి ఆసుపత్రి గనక అక్కడ ఆమెకి జీతమూ ఉండేది, చనువూ ఉండేది, గోడ మీద నిలువెత్తు ఫొటో కూడా ఉండేది. ఎటు తిరిగినా అద్దమే. కాలు కడుక్కునే చోట కూడా అద్దం పెట్టించాడు మహానుభావుడు. లోపలికి ఏ లోపం లేకుండా వచ్చిన మనిషి, డాక్టరు దగ్గరికి చేరేలోపు నాలుగు లోపాలు తనే కనిపెట్టుకునేలా కట్టించానని గర్వంగా చెప్పుకునేవాడు. "మరదలా, పేషెంటు అనకు. ఇక్కడ రోగాలు ఎవరికున్నాయి? గెస్టు అను." గెస్టులు. పొట్టలోంచి గొట్టంతో పీల్చిన కొవ్వు గాజు సీసాలో పసుపుపచ్చగా పేరుకునేది, కాసేపటికి రెండు పొరలయ్యేది, పైన నూనె, కింద ఎర్రనీళ్ళు. ఒక గెస్టు ఆ సీసా అడిగి తెప్పించుకుని, బుగ్గకి ఆనించుకుని, నవ్వుతూ ఫొటో దిగింది. ఆ ఫొటో తీసి పెట్టింది డాక్టరమ్మే. ముందు ఫొటో, తరవాత ఫొటో అని గోడ నిండా జంటలు ఉండేవి. ముందు ఫొటోకి నెత్తిమీద ఒకే దీపం, నవ్వొద్దని చెప్పడం, జుట్టు వెనక్కి లాగి బిగించడం. తరవాత ఫొటోకి ఎదురుగా రెండు దీపాలు, కాస్త పౌడరు, నవ్వండి మేడం. సగం పని దీపాలు చేసేవి, మిగతా సగానికి కత్తి. ఇంకొందరు తమ ఫొటోనే ఫోనులో నునుపు చేసుకుని తెచ్చి, నన్ను ఇలా చెయ్యండి అనేవాళ్ళు. ఎవరిలాగో కాదు, తమలాగే. ఛీ. అప్పుడు నవ్వు వచ్చేది. ఇప్పుడు నాలుక కింద పులినీళ్ళు ఊరుతున్నాయి, ఉమ్మడానికి లేదు, మాస్కు ఉంది, మింగింది.

మానిటరు కీచుమంటోంది, నిదానంగా, మంచి గుండె మాస్టారిది. తలవైపు కూర్చున్న మత్తు డాక్టరు కళ్ళు మూసుకున్నాడు. మందు రోగికిచ్చి నిద్ర తను పోతాడని ఆయన మీద ఆసుపత్రిలో ఒక జోకు ఉంది, కానీ కీచుమనడంలో ఆవగింజంత తేడా వచ్చినా ముందు లేచేది ఆయనే. గోడమీద ఫోను మోగలేదు.

ఒక గెస్టు మొగుడు గుర్తొచ్చాడు. గుర్తు రావద్దనుకునేకొద్దీ వస్తాడు. సెంటు కొట్టుకుని, చేతికి లావాటి వాచీ పెట్టుకుని, పెళ్ళాన్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆవిడని నిలబెట్టి డాక్టరమ్మ కలం తీసి నడుము దగ్గర గుర్తులు పెడుతుంటే, "ఇలా ఇవ్వండి డాక్టరుగారూ, మీకు తెలియదు, నేను చూపిస్తా" అని కలం చేతిలోంచి తీసుకున్నాడు. తీసుకుని గీశాడు. పొట్ట మీద, చంకల కింద, గడ్డం కింద, మోకాలి లోపలి వైపు, బేరానికొచ్చిన బండికి సొట్టలు చూపించినట్టు. ఆవిడ ఏసీ మీద మిణుకుమనే చిన్న దీపం కేసి చూస్తూ నిలబడింది. డాక్టరమ్మ ఏం చేసింది? కలం మూత చేతిలో పట్టుకుని నిలబడింది. తిరిగి ఇవ్వగానే పెట్టాలి కదా మరి, సిరా ఆరిపోదూ. ఆ వారం ఆ గీతల మీదే కోసింది. అద్భుతం, వంక పెట్టడానికి లేదు, తరవాత ఫొటో గోడెక్కింది. అలా అని మర్నాడే విరక్తి పుట్టి చేతులు దులుపుకుని బయటికి వచ్చిందా అంటే, రాలేదు. కథల్లో వస్తారు. ఆమె ఇంకో రెండు వేసవులు అక్కడే పనిచేసింది, ఊదారంగు కలం చూసినప్పుడల్లా గొంతుదాకా ఏదో వచ్చి వెనక్కి పోయేది, ఎసిడిటీ అనుకుని మాత్ర వేసుకునేది.

కనుబొమ్మ మీది దురద చెవి వెనక్కి పోయింది. తన కూతురు గుర్తొచ్చింది. అన్నం దగ్గర ఎదురుగా కూర్చుని స్కూలు సంగతులు చెప్పేది, ఎడమ చెయ్యి ముక్కు మీద అడ్డం పెట్టుకుని. కొన్నాళ్ళు గమనించనే లేదు. గమనించాక జలుబా అని అడిగింది. కాదంది. మరేమిటే, చెయ్యి తియ్యి అంది. "నువ్వు చూస్తున్నావమ్మా." ఏం చూస్తున్నాను? "మాట వినవు, ముక్కు చూస్తావు." తల్లి నిజంగానే చూస్తోంది. చూడాలని కాదు, కళ్ళు వాటంతట అవే పోతాయి. ఎవరి ముఖం ఎదురైనా దానిమీద చుక్కల గీతలు వాటంతటవే పడతాయి, ఇక్కడ కాస్త తియ్యాలి, అక్కడ కాస్త నింపాలి. బస్సులో, బ్యాంకులో, చావుకి వెళ్ళినచోట కూడా. తొమ్మిది నెలలు మోసి కన్న పిల్ల ముక్కు మీద కూడా గీత పడింది, దూలం దగ్గర కొద్దిగా గీకితే చాలు అని. పిల్ల ఆ గీతని చూసింది. ఆ తరవాత పెదనాన్న పుట్టినరోజు కానుకగా ముక్కు చేయిస్తానన్నాడని ఆ పిల్లే వచ్చి చెప్పింది, చెయ్యి అడ్డం పెట్టుకునే, అదీ సంబరంగా. "నువ్వే చెయ్యమ్మా, నువ్వయితే నొప్పి ఉండదని పెదనాన్న అన్నాడు." ఆ రోజు డాక్టరమ్మ సింకు దగ్గరికి వెళ్ళి వాంతి చేసుకుంది. మాత్రతో ఆగలేదు ఆ సారి. పిల్ల ముక్కు ముట్టుకోకుండానే ఆ ఆసుపత్రి వదిలేసింది.

ఇదీ ఆమె త్యాగం. ఈ పెద్దాసుపత్రిలో చేరినప్పుడు టీ పార్టీ పెట్టి, పూలగుత్తి ఇచ్చి, సూపర్నెంటు గారు లేచి, విలాసాన్ని కాదని సేవని వెతుక్కుంటూ వచ్చిన వైద్యురాలు అని మాట్లాడాడు. సేవ అన్న మాట చెవిలో సబ్బునీళ్ళు పడ్డట్టు పడింది. రోతపుట్టి పారిపోయి వచ్చిన మనిషిని పట్టుకుని దేవతని చేస్తారేమిటి. ముక్కులు చెక్కిన చేత్తో కాన్సర్లు తీస్తే చెయ్యి కడుక్కున్నట్టవుతుందని వచ్చింది, అంతే, తన స్వార్థం తనది. బావ సూటిగా అన్నాడు. "పుండ్లు కడుక్కుంటావా మరదలా? కడుక్కో. ఏడాది తిరక్కుండా వస్తావు. నీ కుర్చీ తియ్యను." ఆ కుర్చీ ఇంకా అలాగే ఉందట, దుమ్ము కూడా తుడిపిస్తున్నాడట, అక్క ఫోనులో చెబుతుంది. ఇక్కడ మాత్రం కుర్చీ లేదు, స్టూలే. తనకంటే చిన్నవాళ్ళ పక్కన నిలబడి మళ్ళీ మొదటినుంచి నేర్చుకోవలసి వచ్చింది. పార్లరమ్మ అని పేరు పెట్టారు. పార్లరమ్మ వచ్చిందా, పార్లరమ్మ కుట్లు చూశారా ఎంబ్రాయిడరీ. విని విననట్టుంది. ఆమెకి ఇక్కడ కోత నేర్పిన గొడ్డలి సారు ఒక్కడే ఆ పేరుతో పిలవలేదు. పేరు ఆయనకీ ఉందిగా, మొహమాటం లేకుండా కోస్తాడని అందరూ పెట్టిందే. ఆయన కోత మొదటిసారి చూసినప్పుడు ఆమెకి కళ్ళనీళ్ళు తిరిగాయి, ఒక ఆడమనిషి దవడలో సగం తీసి పళ్ళెంలో పెట్టాడు. ఆవిడ ఇప్పటికీ చెకప్పుకి వస్తుంది, ఒక పక్కకి ఒరిగిన ముఖంతో, మనవరాలి చెయ్యి పట్టుకుని. డాక్టరమ్మ కత్తి పట్టుకుని అంచుల దగ్గర తటపటాయిస్తుంటే సారు వెనకనుంచి అనేవాడు, "ఏమ్మా, జబ్బుని బతిమాలుతున్నావా? కొయ్యి." పోయిన నెల ఆయన రిటైరయ్యాడు. వెనకాల ఎవరూ లేకుండా ఆమె పట్టిన మొదటి కేసు మాస్టారిది. వెనకాల ఎవరూ లేరు గనకే చెయ్యి పుట్టింటికి పోయింది.

ఫోను మోగింది. సిస్టరమ్మ ఎత్తి స్పీకరులో పెట్టింది. పెద్దాయన గొంతు, ముక్కుతో మాట్లాడతాడు. "అమ్మా, పొట్టి దారం వైపు క్లియరు. అడుగు క్లియరు. బుగ్గ వైపు క్లియరు. పొడుగు దారం వైపు ఇంకా చూస్తున్నాను, ఇంకొన్ని పొరలు తీస్తాను, కాస్త ఆగండి." ఫోను పెట్టేశాడు. మత్తు డాక్టరు కళ్ళు తెరిచి, ఆగుదాం, మనకేం పెళ్ళివారు ఎదురుచూస్తున్నారా అని మళ్ళీ మూశాడు. ఇంకొన్ని పొరలు. ఆయన ఊరికే తియ్యడు. ఏదో కనబడి ఉంటుంది. లేకపోతే ఏమీ కనబడక అనుమానం తీరక తీస్తూ ఉంటాడు. చేతుల మీద గుడ్డ కింద చెమట పోస్తోంది, తొడుగు లోపల వేళ్ళు నానుతున్నాయి.

వేళ్ళు నానుతున్నాయి అనుకోగానే మాస్టారి వేళ్ళు కనిపించాయి, ఈల తాడు తిప్పుకుంటూ. మొదటిసారి ఓపీకి వచ్చినప్పుడు మెళ్ళో ఈల వేసుకునే వచ్చాడు. బడి మానేసి నేరుగా వచ్చాడట, సాయంత్రం ఆటలున్నాయి, త్వరగా చూడండి అన్నాడు. కుర్చీలో కూడా అటెన్షనులోనే కూర్చున్నాడు. ఎండలో నిలబడీ నిలబడీ ముఖం పాత చెప్పులా అయిపోయింది, ఎడమ బుగ్గ మీద పుండు గుంటపడి, అంచులు పొంగి, పక్కనే నవ్వు గీత లోతుగా. ఎంత బావుందో ఆ గీత, మచ్చ దాచుకోవడానికి ఎంత వీలుగా ఉందో అని ఆ క్షణానే ఆమెకి తోచింది, తోచినందుకు అప్పుడే తలొంచుకుని చేతులు కడుక్కుంది. నోటి కొస కూడా కొంత పోవచ్చునని చెప్పింది. ఆయన భార్య, పొట్టిగా, గట్టిగా, సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న మనిషి, "ముఖం ఎలా అయినా కానివ్వండి డాక్టరమ్మా, మనిషి దక్కితే చాలు" అంది. మాస్టారు ఆమె కేసి తిరిగి, "నీకు బానే ఉంది. నా ముఖం ముందునుంచీ అంతంతమాత్రమేనని నీకు అలవాటైపోయింది" అన్నాడు. తరవాత డాక్టరమ్మ వైపు కొద్దిగా వంగి, భార్య వినకూడదన్నట్టు గొంతు తగ్గించాడు. "ఈల వెయ్యగలనా?" అరిచీ అరిచీ గొంతు ఎప్పుడో పోయిందట. పిల్లలు నా మాట వినరండీ, ఈల వింటారు, అన్నాడు. మైదానం అటు కొసన ఇద్దరు కొట్టుకుంటుంటే ఇక్కణ్ణించి ఒక్క ఈలకి విడిపోతారు. అది లేకపోతే నేను అక్కడ ఊరికే నిలబడ్డ ముసలాణ్ణి. ఆమె చూద్దాం అంది. డాక్టర్లకి ఆ మాట ఒకటి ఉంది, చూద్దాం. నీళ్ళు నమలడానికి పనికొస్తుంది. ఇవాళ పొద్దున బల్ల ఎక్కించేముందు ఆయన ఈల తీసి భార్య చేతిలో పెట్టాడు. ఆవిడ దాన్ని గుప్పిట్లో పెట్టుకుని బయట బెంచీ మీద కూర్చుని ఉంటుంది ఇప్పుడు.

నోటి కొస ఉంటే పెదాలు మూసుకుంటాయి, పెదాలు మూసుకుంటే గాలి పక్కకి పోదు, ఈల మోగుతుంది. నోటి కొస పోతే ఎంత బాగా కుట్టినా ఆ పక్క సందు ఉంటుంది, గాలి బుస్సుమని పోతుంది, ఈల మోగదు. నోటి కొసలో జబ్బు మిగిలితే వచ్చే ఏడాదికి ఈలా ఉండదు, నోరూ ఉండదు, మాస్టారూ ఉండడు. లెక్క చాలా తేలిక. పసిపిల్లలు కూడా చెయ్యగలరు. ఫోను మోగింది.

"అమ్మా, పొడుగు దారం వైపు కూడా క్లియరే." సిస్టరమ్మ భుజాలు దిగాయి. "అంచులో ఏమీ లేదు. కాకపోతే బాగా దగ్గర."

"ఎంత దగ్గర?"

"వెంట్రుకవాసి అనుకోండి. తగల్లేదు, అంతే. నాలుగు చోట్ల తీసి చూశాను. నేను రాసేది మాత్రం క్లియరనే రాస్తాను. మూస్తారో, ఇంకా తీస్తారో మీ ఇష్టం. సారు ఉంటే..."

"సారు ఉంటే ఏం చేసేవారో నాకు తెలుసండీ."

"సరే అమ్మా." ఫోను పెట్టేశాడు.

మత్తు డాక్టరు లేచి, ఒళ్ళు విరుచుకుని, గుడ్డ పైనుంచి తొంగిచూశాడు. "క్లియరన్నారుగా మేడం. మూసేద్దామా? అందంగా కూడా వచ్చింది."

అందంగా. ఆయన మంచికే అన్నాడు. కానీ ఆ మాట గదిలో పడేసరికి గోడకున్న ఏదో పెట్టె బుస్సుమని పూలవాసన చిమ్మినట్టయింది. తడి గాజుగుడ్డ తీయించి చూసింది. నిజమే. నవ్వు గీతలో కోత దాక్కుని ఉంది, అటూ ఇటూ దగ్గరకి లాగి కుడితే ఆరు నెలలకి ఎక్కడ కోశారో వెతుక్కోవాలి. తరవాత ఫొటో. క్లియరని కాగితం మీద ఉంటుంది, మాస్టారికి ఈల ఉంటుంది, తనకి పేరు ఉంటుంది, పార్లరమ్మ చేత్తో ముట్టుకుంటే ఇలా ఉంటుందిరా అంటారు. రేపెప్పుడో ఆ వెంట్రుకవాసిలోంచి జబ్బు తలెత్తితే దురదృష్టం అంటారు, ఆమెని ఎవరూ అనరు. ఈల కోసమే వదిలేశానని చెప్పుకోవచ్చు. మాస్టారు అడిగాడు కదా పాపం, ఆయన మాట మన్నించాను. ఎంత చక్కటి సాకు, ఎంత బాగా అతికింది. ఇంతకీ కత్తి పక్కకి తిరిగినప్పుడు ఈల గుర్తుందా నీకు? ఆమె తనని తాను గుచ్చి గుచ్చి అడిగింది. లేదు. మాస్టారు కూడా గుర్తులేడు. ఆ చెయ్యి మాస్టారి మీద జాలితో తిరగలేదు, ముడత బావుంది గనక తిరిగింది. మనిషి ప్రాణం ఒక పక్క, ముచ్చటైన గీత ఒక పక్క ఉంటే ఆ చెయ్యి అడక్కుండానే గీత వైపు పోయింది. ఇన్నేళ్ళు బావ అద్దాలనీ, సెంటు మొగుణ్ణీ, సీసా పట్టుకుని నవ్వినావిణ్ణీ తిట్టుకుంటూ వచ్చింది, రోత వాళ్ళ దగ్గర వదిలేసి వచ్చానని అనుకుంది. ఎక్కడ వదిలింది, తొడుగు వేసి లోపలే పెట్టుకుంది. గొంతుదాకా వచ్చింది. కళ్ళు మూసుకుని ఊపిరి పట్టింది. మానిటరు కీచుమంది, కీచుమంది. మింగింది.

"సిస్టర్, కలం ఇవ్వండి."

"ఏ కలం మేడం?"

"గీతలు గీసేది. కొత్తది విప్పండి."

ఊదారంగు కలం చేతికి వచ్చింది. మూత తియ్యగానే గొంతులో ఎప్పుడూ వచ్చేది వచ్చి, వెనక్కి పోయింది. నవ్వు గీత పక్కనుంచి కాదు, దాన్ని దాటించి, చెరిగిన పాత గీత ఆనవాలు పట్టుకుని, నోటి కొస చుట్టూ, పై పెదవి మీద కొద్దిగా, కింది పెదవి మీద కొద్దిగా గీసింది. చెయ్యి మళ్ళీ ముడత వైపు లాగింది, కట్టేసిన గొడ్డులాగా. లాగనిచ్చి, తాడు బిగించింది. ఇంత వికారమైన గీత ఆమె జన్మలో గియ్యలేదు. మత్తు డాక్టరు ఆమె కళ్ళు చూసి, గొట్టాలు సర్దుకోవడంలో పడ్డాడు. కత్తి అడిగింది. ఈసారి చేతిని ఒంటరిగా వదల్లేదు, ప్రతి వెంట్రుకవాసికీ వెంట ఉండి నడిపించింది. మాస్టారి నోటి కొస పళ్ళెంలోకి వచ్చింది, గోరంత ముక్క, పెదవి రంగు ఇంకా దానికి ఉంది. పొట్టి దారం, పొడుగు దారం కట్టింది. పంపింది. మళ్ళీ చేతులు గుండెల దగ్గర కట్టుకుని స్టూలు మీద కూర్చుంది. దురదలన్నీ ఎక్కడికి పోయాయో తెలియలేదు.

ఇప్పుడు ఒక్కటే కావాలి. ఆ ముక్కలో జబ్బు ఉండాలి. ఉందని పెద్దాయన చెబితే, మంచి పని చేశారమ్మా అంటే, బయటికెళ్ళి బెంచీ మీది మనిషికి తల ఎత్తుకుని చెప్పొచ్చు. తియ్యకపోతే పోయేవాడమ్మా అని చెప్పొచ్చు. ఒక మనిషి నోట్లో కాన్సరు ఉండాలని మొక్కుకుంటున్నానన్నమాట నేను అనుకుంది. నా మాట నెగ్గడానికి ఆయనకి జబ్బు ఉండాలా. ఛీ, దీనికి అంతు లేదా, ఎంత లోతుకి కోసినా ఇదే తగులుతుందా. మొక్కుకోవడం మానేసింది. మానడం తేలికేమీ కాలేదు. ఫోను మోగింది.

"అమ్మా, ఈ ముక్కలో ఏమీ లేదు. మొత్తం చూశాను. పూర్తిగా శుభ్రంగా ఉంది."

"అయ్యో" అన్నాడు మత్తు డాక్టరు. "అనవసరంగా పోయిందే పాపం."

అనవసరం. అద్దాల ఆసుపత్రిలో అన్నేళ్ళూ చేసిందంతా అదే, అవసరమైన పని చెయ్యాలని వచ్చి, ఒంటరిగా చేసిన మొదటి పనిలో ఒక మనిషి ఈల అనవసరంగా కోసిపెట్టింది. అలా అనుకుని రోత కోసం లోపల వెతికింది, నాలుక కింద, గొంతులో, కడుపులో, అది ఎప్పుడూ ఉండే చోట్లన్నీ. లేదు. దుఃఖం ఉంది. మాస్టారి కోసం, బరువుగా, మామూలుగా, మనుషులకి ఉండేలాంటి దుఃఖం. కోయకముందు అది అవసరమే, కోశాక అనవసరమని తేలింది, రెండూ నిజమే, రెండూ ఆయనకి చెప్పాలి. చూద్దాం అనకూడదు. ముందు బెంచీ దగ్గరికి వెళ్ళి, ఆ గుప్పిట కేసి చూస్తూ చెప్పాలి, తీసిన దాంట్లో ఏమీ లేదమ్మా, అయినా తీశాను, ఈల రాదు అని. ఆవిడ తిడితే నిలబడి తిట్లు తినాలి.

సూది అందుకుంది. బుగ్గ కండ తిప్పి లాక్కొచ్చి నోటి కొస కట్టడం మొదలుపెట్టింది. కుట్టేకొద్దీ ఎడమ పక్క పైకి లాగినట్టయింది, ఎంత సవరించినా కొద్దిగా వంకరగానే ఉంటుంది, జన్మంతా ఎవరినో వెక్కిరిస్తున్నట్టు ఉంటుంది ముఖం. పార్లరమ్మ కుట్లు చూశారా అనడానికి ఇక్కడ ఏమీ లేదు. చివరి ముడి వేసి, రక్తం తుడిచి, వెనక్కి జరిగి చూసింది. చాలాసేపు చూసింది. కళ్ళు వాటంతట అవి పోతాయేమో, ఇక్కడ కాస్త తియ్యాలి, అక్కడ కాస్త నింపాలి అని చుక్కలు పడతాయేమో అని భయపడుతూ చూసింది. పడలేదు. ఒక నోరు, దెబ్బతిన్నది, ఊపిరి ఆడుతున్నది. అంతే కనబడింది. ఇవాళ ఒక్కసారికేనేమో, ఈ ఒక్క ముఖానికేనేమో, తెలియదు. సాయంత్రం ఇంటికి వెళ్ళి అన్నం దగ్గర అమ్మాయి ఎదురుగా కూర్చోవాలి. స్కూలు సంగతులు అడగాలి, వినాలి, ఆ పిల్ల చెయ్యి ఎక్కడుంటుందో చూడాలి.